రాత్రి ఉక్కపోతలో పైరు ఖర్చులు

వేసవిలో పేపరు తెరిస్తే రెంటచింతల, రామగుండం పేర్ల పక్కన పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. అవన్నీ మధ్యాహ్నపు ఎండ లెక్కలు. ఆ పక్కనే, ఎవరూ పెద్దగా చూడని గడిలో, కనిష్ఠ ఉష్ణోగ్రత అని ఇంకో అంకె ఉంటుంది. మామూలుగా తెల్లవారుజామున, పొద్దు పొడవబోయే వేళకు నమోదయ్యే అంకె అది. వరి, టమాట, మామిడి, బంగాళదుంపల జాతకం చాలావరకు ఆ రెండో గడిలోనే ఉంది. ఎలాగో చెప్పే విశేషాలు కొన్ని ఇవి.

రాత్రి ఆదాయం సున్నా

పగలు ఆకు ఎండను పట్టుకుని పిండిపదార్థం తయారుచేస్తుంది. చీకటి పడగానే ఆ పని ఆగిపోతుంది, శ్వాస మాత్రం ఆగదు. వేరు, కాండం, ఆకు, కంకి అన్నీ రాత్రంతా చక్కెరను ఖర్చుచేస్తూ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. చాలా పైర్లు తాము తయారుచేసుకున్నదాంట్లో మూడోవంతు నుంచి సగం దాకా ఇలా శ్వాసకే పెడతాయి.

ఇదంతా దుబారా అనుకోకూడదు. పాతబడిన ప్రొటీన్లను మార్చుకోవాలన్నా, వేళ్లు నత్రజనిని లాగాలన్నా, కొత్త పిలక వేయాలన్నా ఈ శక్తే కావాలి. ఇంటి అద్దె, కరెంటు బిల్లు లాంటి ఖర్చన్నమాట, తప్పేది కాదు. చిక్కల్లా ఈ బిల్లు వేడిని బట్టి పెరగడంలో ఉంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాస వేగం దాదాపు రెట్టింపవుతుందని స్థూలంగా ఒక లెక్క. అంటే ఒక్క డిగ్రీకి సుమారు 7 శాతం. పగలు వేడెక్కితే ఎండ కూడా ఉంటుంది కాబట్టి ఎంతోకొంత రాబడి వస్తుంది. రాత్రి వేడెక్కితే ఖర్చొక్కటే మిగులుతుంది. కొన్నాళ్లకు మొక్క కాస్త అలవాటుపడి శ్వాసను తగ్గించుకుంటుంది కానీ, పెరిగినదంతా వెనక్కి రాదు.

భాగహారం చేసే మొక్క

ఆవ మొక్కకు దగ్గరి చుట్టమైన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క మీద ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్ పరిశోధకులు 2013లో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టారు. పొద్దుగూకే వేళకు ఆకులో ఉన్న పిండిపదార్థాన్ని తెల్లవారడానికి మిగిలిన గంటలతో భాగించి, సరిగ్గా ఆ వేగంతోనే అది ఖర్చుచేస్తుందట. పొద్దు పొడిచేసరికి దాదాపు 95 శాతం నిల్వ అయిపోతుంది. దీపాలు ముందే ఆర్పేసి రాత్రిని పొడిగించినా, మొక్క లెక్క సరిచేసుకుని పొదుపు మొదలుపెడుతుంది. కాగితం, పెన్సిలు లేకుండా చేసే ఈ లెక్కలో మన బడిపిల్లల్ని మించిపోయింది.

లాస్ బాన్యోస్ లెక్క

ఈ కథలో అన్నిటికన్నా పేరుపడ్డ అధ్యాయం ఫిలిప్పీన్స్‌ది. 1966లో ఐఆర్-8 విడుదల చేసిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అక్కడి లాస్ బాన్యోస్‌లో ఉంది. సంస్థ పొలం పక్కనే వాతావరణ కేంద్రం. 1979 నుంచి 2003 దాకా అక్కడ నమోదైన అంకెల్ని షావోబింగ్ పెంగ్ బృందం తిరగేసింది. ఆ పాతికేళ్లలో పగటి గరిష్ఠం పెరిగింది 0.35 డిగ్రీలు. రాత్రి కనిష్ఠం పెరిగింది 1.13 డిగ్రీలు, దానికి మూడింతలకు పైగా.

అదే పొలంలో 1992 నుంచి 2003 దాకా మంచి యాజమాన్యంతో పండించిన వరి దిగుబడులు కూడా వాళ్ల దగ్గరున్నాయి. ఎరువు తగ్గిందనో, పురుగు తిన్నదనో సాకు చెప్పడానికి వీల్లేని పొలం అది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగిన మేరకు దిగుబడి 10 శాతం పడిపోయింది. పగటి గరిష్ఠానికీ దిగుబడికీ మాత్రం చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. 2004లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఈ వ్యాసం వచ్చినప్పుడు వరి శాస్త్రజ్ఞుల లోకం ఉలిక్కిపడింది. అంతదాకా అందరి కళ్లూ మధ్యాహ్నపు ఎండ మీదే ఉన్నాయి మరి.

సొంతింటి నుంచే అభ్యంతరం

రెండేళ్లు తిరక్కుండానే అదే సంస్థకు చెందిన జాన్ షీహీ బృందం అడ్డుపడింది. రాత్రి వెచ్చగా ఉండే కాలాల్లో మబ్బు ఎక్కువ, మబ్బుంటే పగటి ఎండ తక్కువ, కాబట్టి తగ్గిన దిగుబడిలో కొంత భాగం ఎండ తగ్గడం వల్లే కదా అని వాళ్ల వాదన. సబబైన ప్రశ్నే. డిగ్రీకి 7 శాతం పెరిగే శ్వాస ఒక్కటే 10 శాతం ధాన్యాన్ని మింగగలదా అంటే అది కష్టమే.

తర్వాత, 2010లో, ఇండియాతో సహా ఆరు ఆసియా దేశాల్లోని 227 సాగునీటి వరి పొలాల లెక్కలతో మరో అధ్యయనం వచ్చింది. ఎండ వాటాను విడిగా తీసేసి చూసినా రాత్రి వేడి దిగుబడిని తగ్గిస్తూనే ఉంది. పగటి వేడి మాత్రం ఒక హద్దుదాకా దిగుబడిని పెంచింది. నా మటుకు నాకు ఈ రెండో అధ్యయనమే బలమైనదిగా తోస్తుంది. పరిశోధనా క్షేత్రంలో తేలిన మాట రైతుల పొలాల్లోనూ నిలిచింది కాబట్టి.

శ్వాసకు తోడుదొంగలు

దిగుబడి పడిపోవడంలో శ్వాసకు తోడుగా ఇంకొన్ని ఉన్నాయి. పొట్ట దశలోనో పూత దశలోనో రాత్రులు ఉడికిపోతే పుప్పొడి బలహీనపడి తాలు గింజలు పెరుగుతాయి. పైరు తొందరపడి ముదురుతుంది, గింజలో పాలు పోసుకునే రోజులు తగ్గిపోతాయి. కాండంలో దాచుకున్న చక్కెర కంకి దాకా చేరకముందే కొంత కరిగిపోతుంది. ఇందులో ఏది ఎంత అన్నది రకాన్ని బట్టి మారుతుంది. ఎన్-22 అనే మన దేశపు పాత రకం వేడినీ కరువునీ తట్టుకోవడంలో ప్రపంచమంతటా పేరుపొందింది. వేడి మీద పరిశోధన చేసేవాళ్లు పోలిక కోసం ఎక్కువగా దాన్నే నాటుతారు.

డేరాలు వేసి పరీక్ష

రాత్రి వేడిని మాత్రమే వేరుచేసి పరీక్షించడం తేలిక కాదు. అమెరికాలోని కాన్సస్‌లో కృష్ణ జగదీశ్ బృందం గోధుమ పొలంలోనే డేరాలు వేసింది. పగలు వాటిని తెరిచి ఉంచి, పొద్దు వాలాక మూసి, లోపల వేడి పెట్టేవారు. వరితో ఇలాంటి ప్రయోగాలే ఫిలిప్పీన్స్‌లోనూ జరిగాయి.

రాత్రులే ఎందుకు ఎక్కువ వేడెక్కుతున్నాయి?

పగలు నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి లేచి, కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తుదాకా కలిసిపోతుంది. రాత్రి ఆ కలయిక ఉండదు. నేలను అంటిపెట్టుకుని పలుచని గాలిపొర ఒకటే మిగులుతుంది. అదనంగా చేరిన కాస్త వేడి ఆ పలుచని పొరలోనే చిక్కుకుపోవడంతో థర్మామీటరు ఎక్కువ పైకి పోతుంది. దానికితోడు మబ్బులూ గాలిలోని తేమా నేల వదిలే వేడిని ఆకాశంలోకి పోనివ్వవు. 1950 తర్వాతి నాలుగు దశాబ్దాలలో ప్రపంచవ్యాప్తంగా నేల మీద కనిష్ఠాలు గరిష్ఠాల కన్నా దాదాపు రెట్టింపు వేగంతో పెరిగినట్టు 1997లో లెక్క తేల్చారు.

దాళ్వా బస్తాలు

గోదావరి డెల్టాలో సార్వా కన్నా దాళ్వాలో ఎకరానికి ఎక్కువ బస్తాలు వస్తాయన్నది రైతులందరికీ తెలిసిందే. మొదటి కారణం మబ్బులేని ఎండ, రెండోది తుపాను బెడద లేకపోవడం. మూడో కారణాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. జనవరి, ఫిబ్రవరి చల్లని రాత్రుల్లో పైరు ఖర్చు తక్కువ. ఎండ బాగా ఉండి రాత్రి చల్లగా ఉంటే వరి ఎంత పండుతుందో చూడాలంటే చైనాలోని యునాన్ రాష్ట్రానికి పోవాలి. అక్కడ సుమారు 1,170 మీటర్ల ఎత్తులో ఉన్న తావోయువాన్‌లో ప్రయోగ పొలాలు హెక్టారుకు 15 టన్నులు దాటించాయి. మైదానాల్లో పండించేవాళ్లకు అది కలలో మాటే.

యాసంగి నూకలు

తెలంగాణలో యాసంగి వడ్లు పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ పోతుంది. మిల్లర్లూ రైతులూ ఏళ్లుగా చెబుతున్న మాట ఇది. భారత ఆహార సంస్థ నిబంధన ప్రకారం క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి, అందులో నూక 25 శాతం మించకూడదు. మార్చి, ఏప్రిల్ వేడిలో ముదిరిన గింజ ఆ పరీక్షలో నిలబడదు. అందుకే యాసంగి వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేయడం అలవాటైంది. ఉడికినప్పుడు గింజలోని పిండి మెత్తబడి, పగుళ్లు అతుక్కుని, ఆరాక గట్టిపడుతుంది. ఉప్పుడు బియ్యం ఇక ఎక్కువ తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు పుట్టిన తగాదా 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి ధర్నా దాకా పోయింది. ఆ గొడవలో రాజకీయం ఎంతైనా ఉండనివ్వండి, దాని మొదలు మాత్రం గింజలో ఉంది.

గింజలో జరిగేది ఇదీ. చల్లని వాతావరణంలో పిండి రేణువులు నిదానంగా, ఒకదానికొకటి ఒరుసుకుంటూ, సందు లేకుండా పేరుకుంటాయి. అలాంటి బియ్యపు గింజ అద్దంలా మెరుస్తుంది. పాలు పోసుకునే దశలో రాత్రింబవళ్లు వేడిగా ఉంటే రేణువులు హడావుడిగా, గుండ్రంగా తయారవుతాయి. మధ్యలో గాలి సందులు మిగిలిపోతాయి. గింజ పొట్టలో కనిపించే తెల్లటి మచ్చ ఆ సందులే. మిల్లులో రాపిడికి గింజ అక్కడే విరుగుతుంది. ఇక కోతకు ముందు కాసే ఎండలో గింజ ఒక్కసారిగా ఆరి నెర్రెలిస్తే నష్టం రెట్టింపవుతుంది.

దీనికి వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పే మందు ఖర్చులేనిది. నారు ముందే పోసుకుని, ఏప్రిల్ ఎండలు ముదరకముందే గింజ గట్టిపడేలా చూసుకోవడం. వానాకాలం పంట ఆలస్యమైతే యాసంగి కూడా వెనక్కి జరుగుతుంది కాబట్టి, జాగ్రత్త జూన్‌లోనే మొదలవ్వాలి.

అమెరికాకూ జపాన్‌కూ అదే తలనొప్పి

అమెరికాలో వరి ఎక్కువగా పండించే ఆర్కాన్సా రాష్ట్రంలో 2010లో రాత్రులు మండిపోయాయి. ఆ ఏడాది మిల్లుల్లో విరగని బియ్యం శాతం బాగా పడిపోయింది. జపాన్‌లోని నీగాటా ప్రాంతం కోషిహికారి బియ్యానికి పుట్టినిల్లులాంటిది. 2023 వేసవి వేడికి అక్కడ మొదటి గ్రేడు దక్కిన కోషిహికారి పదిశాతం కూడా లేదు. అక్కడి రైతులకు ఇచ్చే సలహాల్లో ఒకటి, కంకి వేశాక రాత్రిపూట చల్లటి నీళ్లు పారించమని.

నీళ్లే దుప్పటి

దీనికి పూర్తిగా తలకిందులు ఆస్ట్రేలియా. న్యూ సౌత్ వేల్స్‌లోని రివరీనాలో వరి పొట్ట దశలో ఉండగా రాత్రి 17 డిగ్రీల కన్నా దిగితే పుప్పొడి చచ్చిపోతుంది. అందుకని ఆ రోజుల్లో మడిలో 20 నుంచి 25 సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలుపుతారు. లోపల ఉన్న చిరు కంకి వెచ్చగా ఉంటుంది.

మదనపల్లె టమాట రహస్యం

డచ్చి శాస్త్రజ్ఞుడు ఫ్రిట్స్ వెంట్ యువకుడిగా ఉన్నప్పుడే మొక్కల పెరుగుదల హార్మోన్ ఆక్సిన్‌ను వేరుచేసి చూపించాడు. తర్వాత జావాలో కొన్నేళ్లు పనిచేసి కాలిఫోర్నియా చేరాడు. అక్కడ పగలొక గదిలో, రాత్రి ఇంకో గదిలో ఉంచి టమాట మొక్కలు పెంచాడు. రాత్రి చల్లబడితేనే కాయ బాగా పడుతుందని 1944లో ప్రకటించాడు. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే టమాటకు పండగే. అంతకన్నా బాగా పెరిగితే పూత రాలిపోతుంది. ఇక్కడ దోషం ఎక్కువగా పుప్పొడిది, శ్వాస పాత్ర తక్కువ.

ఎండాకాలంలో మైదానాల్లో టమాట కాపు తగ్గిపోతే, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె నుంచి లారీలు బయల్దేరతాయి. ఆ ఎత్తు ఇచ్చే చల్లదనమే ఆ మార్కెట్ పెట్టుబడి.

ఆలుగడ్డ అలక

జహీరాబాద్ ప్రాంతంలో ఆలుగడ్డ చలికాలపు పంటే. రాత్రులు 20 డిగ్రీలు దాటితే తీగ పచ్చగా ఏపుగా పెరుగుతుంది, నేల కింద గడ్డ మాత్రం సరిగా ఊరదు. పైన చూసి మురిసిపోయిన రైతు తవ్వినప్పుడు నిట్టూరుస్తాడు.

మామిడి, బత్తాయి

డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడితే మామిడి కొమ్మ చివర పూమొగ్గ వస్తుంది. చలి సరిగా పడకపోతే అదే మొగ్గ ఆకుల చిగురైపోతుంది. అలాంటి ఏడు తోట అందంగా ఉంటుంది, కౌలుదారు మొహం ఉండదు.

బత్తాయిది ఇంకో తీరు. నారింజ జాతి పండ్ల తొక్కలో పచ్చదనం పోవాలంటే చల్లని రాత్రులు కావాలి. అవి చాలవు కాబట్టే నల్లగొండ, అనంతపురం సాత్గుడి బత్తాయి రసం నిండిపోయినా పైకి పచ్చగానే కనిపిస్తుంది. పచ్చగా ఉందని బేరమాడి వదిలేయకండి.

పొద్దున పులుపు, మధ్యాహ్నం చప్పన

మిగతా మొక్కలు పగలు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటే అనాస, నాగజెముడు, కలబంద, డ్రాగన్ ఫ్రూట్ రాత్రి పీల్చుకుంటాయి. పగలు ఆకు రంధ్రాలు మూసి నీళ్లు దాచుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పులుపు రూపంలో నిల్వచేస్తాయి. తెల్లారాక ఎండలో ఆ పులుపు చక్కెరగా మారుతుంది. రాత్రి చల్లగా ఉంటేనే ఈ జమ బాగా జరుగుతుంది. ఉక్కపోత రాత్రుల్లో రంధ్రాలు సరిగా తెరుచుకోవు.

ఈ వింతను నాలుకతో కనిపెట్టినవాడికి మనతో సంబంధం ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ తర్వాత సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న బెంజమిన్ హైన్, మన రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా ఉంటుందని గమనించి లండన్‌లోని లినేయన్ సొసైటీకి రాశాడు. 1815లో అది అచ్చయింది. దాని వెనకున్న రసాయన శాస్త్రపు చిక్కుముడి విడిపోవడానికి నూరేళ్లకు పైనే పట్టింది.

అడవి కూడా లెక్కకు అతీతం కాదు

కోస్టారికాలోని లా సెల్వా వర్షారణ్యంలో డెబోరా క్లార్క్, డేవిడ్ క్లార్క్ దంపతులు 1984 నుంచి 2000 దాకా ఏటా మహావృక్షాల బోదెలు కొలిచారు. రాత్రులు వెచ్చగా ఉన్న ఏళ్లలో చెట్లు తక్కువ లావెక్కాయి. 2003లో ఈ ఫలితాలు ప్రచురించినప్పుడు సహరచయితల్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుదలను హవాయిలో ఏళ్ల తరబడి కొలిచిన చార్లెస్ కీలింగ్ కూడా ఉన్నాడు. ఏ ఏడాది నేల మీది పచ్చదనం ఎంత కార్బన్‌ను పట్టుకుంటుందన్నది ఉష్ణమండలపు రాత్రి వేడి మీద బాగా ఆధారపడుతుందని 2015లో ఇంకో అధ్యయనం చెప్పింది.

చింతచెట్టు దయ్యం

రాత్రి చెట్టు కింద పడుకుంటే విషవాయువు పీల్చి చస్తారన్న మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఆరుబయట చెట్టు వదిలే వాయువు గాలిలో కలిసిపోతుంది, ప్రాణం తీసేంతగా పోగుపడదు. పక్కన గురకపెట్టే మనిషి వదిలే వాయువుకు ఎవరూ భయపడరు కదా. చింతచెట్టు కింద పాములో, తేళ్లో ఉంటే అది వేరే సంగతి.

పేరులేని వేడి రాత్రి

వాతావరణ శాఖ పుస్తకంలో వేడి రాత్రికి నిర్వచనం ఉంది. కనిష్ఠం మామూలు కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువుంటే వేడి రాత్రి, అంతకు మించితే తీవ్రమైన వేడి రాత్రి. దానికో షరతు ఉంది: పగటి గరిష్ఠం 40 డిగ్రీలు, లేదా అంతకు మించి ఉండాలి. మనుషుల ప్రాణాలు కాపాడటానికి ఆ షరతు సరిపోతుంది. దాళ్వా వరి ఈనుతున్న ఫిబ్రవరిలోనో, మామిడి మొగ్గ తొడిగే డిసెంబరులోనో పగలు 40 రాదు. అందువల్ల ఆ నెలల్లో రాత్రి ఐదు డిగ్రీలు ఎక్కువ కాగినా ఆ జాబితాలో దానికి పేరు లేదు, హెచ్చరికా ఉండదు. పంటల కోసం ఇంకో నిర్వచనం రాయాల్సిన అవసరం ఉంది. అది వచ్చేదాకా, పొలం ఉన్నవాళ్లు రోజూ పేపర్లో ఆ రెండో గడి కూడా చూసి, నాటిన తేదీ పక్కన రాసిపెట్టుకోండి.